పదిహేడు మునగ షీట్లు: ఒక చిన్న కుటుంబాన్ని హెర్బేరియంలో మళ్లీ సర్దిన కేసు

నేపథ్యం

ఒక బోధనా సంస్థ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను కాగితపు షీట్ల మీద అంటించి దాచే చోటు) జరిగిన పని ఇది. సంస్థ పేరు, షీట్ల నంబర్లు, సేకరించినవాళ్ల పేర్లు, సేకరించిన చోట్లు వదిలేశాం. వర్గీకరణకు పనికొచ్చే వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

భారతదేశంలో చాలా హెర్బేరియంల లాగే ఇక్కడి బీరువాలు కూడా బెంథామ్, హుకర్ పద్ధతిలో సర్దినవి. 1862 నుంచి 1883 దాకా భాగాలుగా వచ్చిన ఆ పద్ధతిలో మునగ కుటుంబానికి స్థిరమైన చోటు దొరకలేదు. కుంకుడు కుటుంబం ఉన్న సాపిండేలీస్ గుంపు తర్వాత, ఏ గుంపులోనూ ఇమడని కుటుంబాలని విడిగా పెట్టినవాటిలో అదొకటి. ఇప్పుడు బీరువాలన్నింటినీ డీఎన్‌ఏ ఆధారంగా చేసిన 2016 నాటి ఏపీజీ-4 వర్గీకరణ ప్రకారం మార్చాలని సంస్థ నిర్ణయించింది. పెద్ద కుటుంబాల జోలికి వెళ్లే ముందు చిన్నదాంతో పద్ధతి పరీక్షించుకుందామని మునగ కుటుంబమైన మోరింగేసీని ఎంచుకున్నారు.

ఎంపికకు కారణం లేకపోలేదు. ఈ కుటుంబంలో ఉన్నది ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), మోరింగా. అందులో 13 జాతులు. కొన్ని నీళ్లు దాచుకునే లావు కాండంతో సీసాల్లా పెరిగే ఆఫ్రికా, మడగాస్కర్ చెట్లు. కొన్ని ఆఫ్రికా ఈశాన్య కొసన దుంపలతో బతికే పొదలు, చిన్న మొక్కలు. మిగిలినవి మన మునగలాంటి సన్నపాటి చెట్లు. భారతదేశంలో చూడాల్సినవి రెండే: పెరళ్లలో పెంచే మోరింగా ఒలీఫెరా, పొడి కొండల్లో దానంతట అది పెరిగే మోరింగా కొంకనెన్సిస్. రెండే జాతులు కదా, పూటలో తేలుతుందనుకున్నారు. ఆ అంచనాయే మొదటి తప్పటడుగు. రెండే జాతులున్న చోట గుర్తింపు సూచిక (లక్షణాలు చూసి జాతి తేల్చే వాక్యాల వరస) ఒకే ఒక్క లక్షణం మీద నిలబడుతుంది. ఆ లక్షణం షీటు మీద లేకపోతే పట్టుకోవడానికి ఇంకేమీ ఉండదు.

ఎదురైన సమస్య

ఫోల్డర్లో 16 షీట్లున్నాయి. కొన్నింటి మీద మోరింగా ఒలీఫెరా అని, కొన్నింటి మీద మోరింగా టెరిగోస్పెర్మా అని ఉంది. ఈ పేర్ల తేడా సులువుగానే తేలింది. లామార్క్ 1785లో ఒలీఫెరా అని పెట్టాడు. గేర్ట్‌నర్ 1791లో టెరిగోస్పెర్మా అన్నాడు. మొక్క ఒకటే. ముందు వచ్చిన పేరు ఉండగా పెట్టిన అనవసరమైన పేరు కాబట్టి రెండోది నియమాల ప్రకారం చెల్లదు. రెండు ఫోల్డర్లూ కలిపేశారు.

అసలు చిక్కు వేరు. ఐదు షీట్ల లేబుళ్ల మీద 'అడవి మునగ, రాతి గుట్ట' అని రాసి ఉంది. పేరు మాత్రం ఒలీఫెరా. ఇవి కొంకనెన్సిస్ కావచ్చని అనుమానం. ఆ జాతికి నిమ్మో పెట్టిన పేరు 1861లో డాల్జెల్, గిబ్సన్‌ల బొంబాయి ఫ్లోరా అనే మొక్కల పుస్తకంలో అచ్చయింది. అంటే ఈ షీట్లు సేకరించేనాటికే పేరు ఉంది. మునగ అనగానే ఒలీఫెరా అని రాసేసే అలవాటు వల్ల ఎవరూ వేరుగా చూడలేదు.

'అడవి మునగ' అనే మాటను సాక్ష్యంగా తీసుకోలేదు. అడవిలో దొరికిన చెట్టుకు జనం ఆ పేరు పెడతారు. పాడుబడిన ఊరి పక్కన మిగిలిపోయిన పెరటి మునగ కూడా నలభై ఏళ్లకు అడవి మునగే అవుతుంది. లేబుల్ మీది స్థానిక నామం ఎక్కడ వెతకాలో చెబుతుంది కానీ ఏ జాతో చెప్పదు.

పదిహేడో షీటు వేరే బీరువాలో, దుండిలం చెట్టు ఫోల్డర్లో దొరికింది. సంయుక్త పత్రాలు, పొడవాటి కాయ ముక్క, రెక్కలున్న గింజలు. కాయ చూసి దుండిలం కుటుంబమైన బిగ్నోనియేసీలో పెట్టేశారు.

మొత్తం 17లో పూలు మాత్రమే ఉన్నవి 7, కాయలు మాత్రమే ఉన్నవి 4, రెండూ ఉన్నది 1, ఉత్త ఆకులున్నవి 5.

మొదటి నిర్ణయం: పైనుంచి కిందికి

పని ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని మీద రెండు అభిప్రాయాలు వచ్చాయి. అనుమానం జాతి గురించి కాబట్టి నేరుగా జాతి దగ్గరికే వెళ్దామన్నది ఒకటి. ముందు ప్రతి షీటూ ఈ కుటుంబానిదేనని తేల్చుకుని, తర్వాత జాతికి దిగుదామన్నది రెండోది. దుండిలం ఫోల్డర్లో దొరికిన షీటు రెండో వైపు మొగ్గేలా చేసింది. ఒక మునగ బయటికి పోగలిగితే, మునగ కానిది లోపలికీ రాగలదు.

మునగను ఆకూ కాయా చూసి తప్పు చోట పెట్టడం కొత్తేమీ కాదు. లిన్నేయస్ 1753లో దీనికి గిలాండినా మొరింగా అని పేరు పెట్టాడు. గిలాండినా అంటే మన గచ్చకాయ ప్రజాతి. ఈకలా చీలిన పిచ్ఛాకార పత్రాలు, పొడవాటి కాయ, ఒకవైపుకు వంగిన పువ్వు చూస్తే చిక్కుడు కుటుంబం గుర్తొస్తుంది. పదేళ్ల తర్వాత 1763లో అడాన్సన్ మోరింగాను విడి ప్రజాతి చేశాడు.

ఈ పొరపాటును పట్టుకోవడానికి కాయను అడ్డంగా కోసి చూస్తే చాలు. చిక్కుడు జాతి కాయ అండాశయంలోని ఒకే భాగంతో, అంటే ఒకే ఫలదళంతో ఏర్పడి, రెండు అంచుల వెంట చీలి, రెండు చెక్కలవుతుంది. మునగకాయ మూడు ఫలదళాలది. ఎండితే మూడు చెక్కలుగా విడిపోతుంది. లోపల ఒకటే గది, గింజలు గోడల వెంట మూడు వరసల్లో ఏర్పడతాయి. దుండిలం కాయ కత్తి ఒరలా బల్లపరుపుగా ఉండి రెండు చెక్కలుగా విడిపోతుంది. దాని గింజ పలుచగా, చుట్టూ కాగితంలాంటి రెక్కతో ఉంటుంది. మునగ గింజ గుండ్రటి గుళిక, దానికి మూడు రెక్కలు. ఆకుల అమరిక కూడా వేరే: దుండిలంలో ఎదురెదురుగా, మునగలో ఒకటి విడిచి ఒకటి.

దుండిలం ఫోల్డర్లోని షీటు మీద కాయ చెక్క ఒకటే ఉంది కాబట్టి ఎన్ని చెక్కలో లెక్కపెట్టడం కుదరలేదు. లేబుల్ పక్కన అంటించిన కాగితపు పొట్లం విప్పితే నాలుగు గింజలు రాలాయి. నాలుగింటికీ నడుమ గట్టి గుళిక ఉంది, రెండింటికి మూడు రెక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొమ్మ మీద ఆకుమచ్చలు ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి. ఆ షీటు మునగ ఫోల్డర్లోకి వచ్చింది. పొట్లం విప్పడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. షీటును బిగ్నోనియేసీలో పెట్టినవాళ్లు ఆ ఐదు నిమిషాలు వెచ్చించలేదు.

పూలున్న 8 షీట్లలో ఒక్కో పువ్వు విప్పి చూశారు. షీటుకు అంటుకుని ఉన్న పువ్వు జోలికి వెళ్లకుండా, పొట్లంలో రాలి ఉన్నదే తీసుకోవాలి. చిన్న గాజు గిన్నెలో మరగబోతున్న నీళ్లు, అందులో ఒక చుక్క డిటర్జెంట్ ద్రవం. పువ్వు వేస్తే మొదట తేలుతుంది. లోపలి గాలి పోయి అయిదు నుంచి పది నిమిషాల్లో మునుగుతుంది. అప్పుడు తీసి స్టీరియో మైక్రోస్కోప్ కింద పదిరెట్లు, ఇరవైరెట్లలో సన్నసూదులతో విప్పాలి. మునిగేదాకా ఆగకుండా లాగితే ఆకర్షణ పత్రాలు పొడిపొడి అవుతాయి. ఈ పనిలో ఒక పువ్వు అలాగే పాడైంది.

లోపల కనిపించినవి: ఐదు రక్షకపత్రాలు, ఐదు ఆకర్షణ పత్రాలు, ఐదు పనిచేసే కేసరాలు, వాటి మధ్య పరాగకోశం లేని వంధ్య కేసరాలు. అండాశయం చిన్న కాడ మీద నిలబడి ఉంటుంది. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు పరాగకోశం. చాలా పుష్పించే మొక్కల్లో దానికి రెండు తమ్మెలుంటాయి. మునగలో ఒకటే. ఈ ఒక్కటీ కనిపిస్తే చిక్కుడు కుటుంబం, బిగ్నోనియేసీ రెండూ పక్కకు తప్పుకుంటాయి.

ఉత్త ఆకులున్న ఐదింటికి ఇలాంటి సాక్ష్యం లేదు. ఆకు నడిమి కాడైన పత్రదండం మీద, దాని పక్క చీలికలైన పిచ్ఛికలు పుట్టే ప్రతి కీలు దగ్గర, కాడ ఉన్న చిన్న గ్రంథులు ఉంటాయి. అవి ఐదింటిలోనూ కనిపించాయి కాబట్టి ప్రజాతి దాకా అనుమానం లేదు.

విఫలమైన మొదటి ప్రయత్నం: ఆకు ఎన్నిసార్లు చీలింది

ఫ్లోరా పుస్తకాల సూచికల్లో ఈ రెండు జాతులను విడదీసే మొదటి వాక్యం ఆకు గురించే. ఒలీఫెరాలో సాధారణంగా త్రిపిచ్ఛాకారం (మూడుసార్లు చీలినది), కొంకనెన్సిస్‌లో సాధారణంగా ద్విపిచ్ఛాకారం (రెండుసార్లు చీలినది). ఆ లెక్కన చూస్తే 17లో 9 షీట్లు కొంకనెన్సిస్ అని తేలాయి. వాటిలో పెరట్లో నాటిన చెట్టు నుంచి తెచ్చినట్టు లేబుల్ మీదే రాసినవి రెండున్నాయి. ఫలితం మీద కాకుండా లక్షణం మీదే అనుమానం రావాల్సిన చోటు ఇదే.

కారణాలు మూడు కనిపించాయి. మొదటిది ఆకు సైజు. ఎదిగిన మునగాకు 45 సెంటీమీటర్లు దాటిపోతుంది. షీటు పొడవు 42 సెంటీమీటర్లు. సేకరించేవాళ్లు ఆకు అడుగుభాగం కత్తిరించి పైభాగం అంటిస్తారు. మూడోసారి చీలేది ఆ అడుగుభాగంలోనే. కొస వైపు వెళ్లేకొద్దీ చీలికలు తగ్గి రెండుకు, చివర్న ఒకటికి వచ్చేస్తాయి. అంటే త్రిపిచ్ఛాకార పత్రం పైసగం ఒంటరిగా షీటెక్కితే అచ్చం ద్విపిచ్ఛాకార పత్రంలా కనిపిస్తుంది.

రెండోది ఆకు ఉన్న స్థానం. పుష్పవిన్యాసం కిందుండే ఆకులు చిన్నవి, చీలికలు తక్కువ. పూల కొమ్మ మీద షీటెక్కేవి అవే.

మూడోది ఎండబెట్టిన తీరు. మునగాకు నెమ్మదిగా ఎండితే దాని చిట్టి ఆకులైన పత్రకాలు కీళ్ల దగ్గర ఊడి రాలిపోతాయి. తడి కాగితాలు మార్చకుండా రెండు రోజులు వదిలేసిన షీటులో పత్రదండం పుల్లలా మిగులుతుంది. మోరింగా పెరిగ్రినా సహజంగానే పత్రకాలు రాల్చుకుని ఉత్త పుల్లలతో నిలబడుతుంది. అరేబియా, ఎర్ర సముద్ర తీరాల జాతి అది. సరిగా ఎండబెట్టని పెరటి మునగ షీటు దాన్నే తలపిస్తుంది.

ఊడిన పత్రకాల లెక్క కొంతవరకు తిరిగి రాబట్టొచ్చు. కీలు దగ్గరి గ్రంథులు పత్రకంతో పాటు రాలవు. వాటినీ, పత్రకం ఊడిన మచ్చలనూ పదిరెట్ల లెన్సుతో అడుగు నుంచి కొస దాకా చూస్తూ పోతే ఆకు బొమ్మ గీయొచ్చు. ఐదు ఆకు షీట్లలో రెండింటికి ఆకు మొదలు కూడా ఉండటంతో ఇది పనిచేసింది. మూడో చీలిక మచ్చలు స్పష్టంగా దొరికాయి. మిగిలిన మూడింటికి మొదలే లేదు.

అప్పుడు లక్షణాన్ని వాడే నియమం మార్చారు. మూడో చీలిక కనిపిస్తే అది ఒలీఫెరాకు సాక్ష్యం. కనిపించకపోతే ఏ జాతికీ సాక్ష్యం కాదు, ఆ గడి ఖాళీగా వదిలేయాలి. సూచిక వాక్యంలో రెండు వైపులా సమానంగా కనిపించే లక్షణం షీటు మీద ఒకవైపే పనిచేస్తోంది. అసలు ఈ పనంతటికీ కీలకం ఈ మార్పే.

రెండో ప్రయత్నం: పత్రకాల కొలతలు

కొంకనెన్సిస్ పత్రకాలు పెద్దవి, వెడల్పైనవి. సుమారు 1.5 నుంచి 3 సెంటీమీటర్ల పొడవు. ఒలీఫెరావి 1 నుంచి 2. మధ్యలో ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయి. పైగా ఒలీఫెరాలోనే పత్రదండం చివరి పత్రకం పక్కవాటికంటే కాస్త పెద్దది, నరికిన మోడు నుంచి వచ్చిన చిగుళ్ల ఆకులు మరీ పెద్దవి. ఏ పత్రకం కొలుస్తున్నామో ముందే కట్టుబాటు పెట్టుకోకుండా కొలిచిన అంకెలు గజిబిజిగా వచ్చాయి. పక్క పత్రకాలను మాత్రమే, ఎదిగిన ఆకు నడిమి భాగం నుంచి, షీటుకు పది చొప్పున మళ్లీ కొలిస్తే కొంత తేట పడింది. అయినా ఒంటరిగా తీర్పు చెప్పేంత కాదు. దీన్ని సాయానికి వచ్చే లక్షణంగా ఉంచారు.

మూడో ప్రయత్నం: ఆర్‌బీసీఎల్ జన్యువు

ఇక డీఎన్‌ఏతో తేల్చేద్దామన్నారు. ఎంచుకున్నది హరితరేణువులోని ఆర్‌బీసీఎల్. ఆ జన్యువును పట్టి చదవడానికి కావాల్సిన ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) చేతిలో ఉన్నాయి, పోల్చడానికి డీఎన్‌ఏ వరసల బహిరంగ నిధి అయిన జెన్‌బ్యాంక్‌లో వరసలున్నాయి. పాత షీట్లు మూడింటి నుంచి, ఆరు నెలల కిందటి తాజా సేకరణలు రెండింటి నుంచి నమూనాలు తీశారు.

పాత మూడూ విఫలమయ్యాయి. ఆ షీట్లకు అప్పట్లో పురుగు పట్టకుండా పాదరసపు క్లోరైడ్ పూశారు. డీఎన్‌ఏ కూడా ముక్కలైపోయి ఉంటుంది. ఆ షీట్లను తాకేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. పాత సేకరణలన్నింటినీ విషం పూసినవిగానే భావించాలి. తాజా రెండూ బాగా వచ్చాయి. కోసిన రోజే, ఆకు బరువుకు పదింతల సిలికాజెల్‌లో వేసి ఎండబెట్టినవి అవి. తీగలా సాగే జిగురు, ఫీనాలిక్ పదార్థాలు అడ్డు రాకుండా, డీఎన్‌ఏ తీయడానికి వాడే సీటాబ్ ద్రావణంలో పీవీపీ అనే పాలిమర్ కలిపి శుద్ధి చేశారు.

ఫలితం: రెండు నమూనాలూ మోరింగా. రెంటి మధ్య ఈ జన్యువులో తేడా లేదు. పువ్వు చూస్తే మాత్రం రెండూ వేర్వేరు.

ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. ఆర్‌బీసీఎల్ నెమ్మదిగా మారే జన్యువు. ఆ నెమ్మదితనం వల్లే అది కుటుంబాల మధ్య పాత బంధుత్వాలను చూపగలిగింది. దగ్గరి జాతులు విడిపోయిన కాలానికి అందులో మార్పు నమోదు కాకపోవచ్చు. కుటుంబం ఎక్కడిదో చెప్పే సాక్షిని పట్టుకొచ్చి జాతి ఏదని అడగడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఐటీఎస్ లాంటి వేగంగా మారే డీఎన్‌ఏ భాగాన్ని చదవాలన్న ప్రతిపాదన వచ్చింది కానీ ఆపారు. పోల్చి చూడటానికి సరిగ్గా గుర్తించిన షీటు ఉండాలి కదా, ముందు అదే లేదు. జెన్‌బ్యాంక్‌లోని పేరు కూడా ఎవరో ఒక షీటు చూసి పెట్టిందే. ఆ షీటు మీద మన ఫోల్డర్లో జరిగిన తప్పే జరిగి ఉండొచ్చు.

పనిచేసినవి

పువ్వు, కాయ, చెట్టు. ఈ మూడింటి దగ్గరికి తిరిగి వచ్చారు.

పువ్వు రంగును షీటు మీద నమ్మలేం. ఒలీఫెరా పూలు తెలుపు, మీగడ రంగు. కొంకనెన్సిస్‌వి పసుపు, ఎర్రటి ఈనెలతో. ఎండాక మాత్రం తెల్లపూలు కూడా పచ్చబారి గోధుమ రంగుకు తిరుగుతాయి. లేబుల్ రాసినవాళ్లు తాజా రంగు రాసి ఉంటే అదే ఆధారం. ఎనిమిదింటిలో మూడింటి మీదే రాసి ఉంది.

అందుకని ఆకారం చూశారు. నానబెట్టిన ఆకర్షణ పత్రాన్ని స్లైడ్ మీద ఒక చుక్క గ్లిజరిన్‌లో పరిచి, కవర్‌స్లిప్ వేసి, కింద నుంచి వెలుతురు ఇచ్చారు. ఒలీఫెరా ఆకర్షణ పత్రం గరిటెలా ఉంది: అడుగున సన్నగా మొదలై పైకి వెడల్పవుతుంది. కొంకనెన్సిస్‌ది అడుగు నుంచే దాదాపు ఒకే వెడల్పుతో సాగింది. మూడు షీట్లలో ఈనెలు చుట్టుపక్కల కణజాలం కంటే ముదురుగా, గీసినట్టు కనిపించాయి. తాజా రంగు రాసి ఉన్న మూడు లేబుళ్లలో ఒకదాని మీద 'పసుపు, ఎర్ర చారలు' అని ఉంది. అది ఈ మూడు షీట్లలోనిదే. మిగతా రెండు లేబుళ్ల మీద 'తెలుపు'. అవి గరిటె ఆకారం ఉన్న వైపుకు వచ్చాయి. ఒకదాన్ని చూడకుండా ఇంకొకటి నమోదు చేసిన రెండు లక్షణాలు ఒకే వైపు చూపించడంతో మొదటిసారి ధీమా కలిగింది. ఆకారాలు గీసినవాళ్లకు అప్పటిదాకా లేబుళ్లు చూపలేదు. అది కావాలనే చేసిన ఏర్పాటు.

కాయ విషయంలో అడ్డుకోత ముఖ్యం. ఒలీఫెరా కాయకు పొడవునా తొమ్మిది గీట్లు. కొంకనెన్సిస్ కాయ మూడు పదునైన అంచులతో ఉంటుంది, గింజల మధ్య కొద్దిగా నొక్కుకుపోతుంది. గింజల రెక్కలు ఈ రెంటినీ విడదీయవు, రెండింటికీ ఉంటాయి. చిక్కేమిటంటే, షీటు మీద పట్టడానికి కాయను నిలువుగా చీల్చి, అణిచి అంటిస్తారు. అంచులు బల్లపరుపై అడ్డుకోత మాయమవుతుంది. అలాంటి చెక్క వీపు మీద గీట్లను పక్కనుంచి ఏటవాలు వెలుతురు పెట్టి లెక్కించాల్సి వచ్చింది. దుండిలం ఫోల్డర్ షీటు అలా ఒలీఫెరా అని తేలింది.

చెట్టు కోసం మళ్లీ కొండకు వెళ్లారు. 'రాతి గుట్ట' లేబుళ్లలో చోటు స్పష్టంగా ఉన్న రెండింటిని ఎంచుకుని, పూసే కాలం చూసి వెళ్లారు. ఒకచోట చెట్లున్నాయి. నిటారుగా ఒకే బలమైన మాను, దాని మీద లోతైన నెర్రెలతో మందపాటి బెరడు. పెరటి మునగకు బెరడు ఇంత మందం ఉండదు, కిందినుంచే కొమ్మలు వేస్తుంది. పూలగుత్తి పొడవుగా, పలుచగా పరుచుకుని ఉంది. తాజా పువ్వును నల్లటి గుడ్డ మీద పెట్టి ఫొటో తీశారు: పసుపు మీద ఎర్రటి ఈనెలు. షీటు మీద ఎక్కడా కనిపించనిది ఈ మాను. ఇప్పటికీ ఈ జాతిని దూరం నుంచి పట్టిచ్చేది అదే. రెండో చోట పాత బావి, కూలిన గోడలు, వాటి పక్కన మామూలు ఒలీఫెరా చెట్లు.

ఐదు లక్షణాలతో పట్టిక వేశారు: మూడో చీలిక, పక్క పత్రకం వెడల్పు, ఆకర్షణ పత్రం ఆకారం, కాయ అంచులు, తాజా రంగు లేదా బెరడు గురించి రాత. కనిపించని చోట ఖాళీ. ఊహించి నింపడం నిషేధం. పువ్వు గానీ కాయ గానీ సాక్ష్యం ఇస్తేనే పేరు. ఆకు సాక్ష్యం ఒక్కటే ఉంటే, మూడో చీలిక కనిపించడంతో పాటు నాటిన చెట్టని లేబుల్ చెబితేనే పేరు.

తేలింది ఇది. ఒలీఫెరా 10, కొంకనెన్సిస్ 4, ప్రజాతి దగ్గరే ఆగినవి 3. 'అడవి మునగ' షీట్లు ఐదింటిలో మూడు కొంకనెన్సిస్, ఒకటి ఒలీఫెరా, ఒకటి తేలలేదు. నాలుగో కొంకనెన్సిస్ అసలు ఎవరూ అనుమానించని షీటు, కాయతో దొరికింది. పాత పేరు చీటీని ఎక్కడా తీయలేదు. కొత్త గుర్తింపు చీటీని దాని పైన అంటించి, తేదీతో పాటు ఏ లక్షణం చూసి తేల్చారో ఒక్క వాక్యం రాశారు. మామూలుగా చీటీ మీద పేరే ఉంటుంది. కారణం రాసి ఉంటే తర్వాత వచ్చేవాళ్లు ఆ ఒక్కటీ సరిచూసుకుంటే సరిపోతుంది.

బీరువాలో చోటు

ఇక కుటుంబం ఎక్కడ కూర్చోవాలి. గోడల వెంట గింజలు ఏర్పడే అండాశయం చూసి పాత పద్ధతులు కొన్ని మునగను వామింట, ఆవాల వైపు చేర్చాయి. 1981లో క్రాంక్విస్ట్ కూడా వామింట, ఆవాలు ఉన్న కప్పారేలీస్ క్రమంలోనే పెట్టాడు. అప్పటికి బొప్పాయి కుటుంబం ఆయన లెక్కలో వయొలేలీస్ అనే వేరే క్రమంలో ఉంది. బెంథామ్, హుకర్‌లైతే బొప్పాయిని పాసిఫ్లోరేసీలో కలిపేశారు. ఏపీజీలో మునగ, బొప్పాయి రెండూ ఆవాల కుటుంబం ఉన్న బ్రాసికేలీస్ క్రమంలో పక్కపక్కన, ఒకదానికొకటి అత్యంత దగ్గరి కుటుంబాలు. ఆర్‌బీసీఎల్ లాంటి జన్యువులు గట్టిగా చెప్పిన విషయం ఇది. జాతి దగ్గర నోరు విప్పని సాక్షి ఇక్కడ బాగా మాట్లాడింది.

ఘాటు రసాయనం కూడా అటే చూపిస్తుంది. మునగ వేరు నమిలితే, బొప్పాయి గింజ కొరికితే, ఆవాలు నూరితే వచ్చే మంట గ్లూకోసినొలేట్‌లనే ఒకే రసాయన కుటుంబానిది. వాటిని మిరోసినేజ్ ఎంజైమ్ విడగొట్టినప్పుడు ఘాటు పుడుతుంది. డాల్‌గ్రెన్ 1975లోనే ఈ రసాయనం ఆధారంగా ఈ కుటుంబాలను ఒక చోటికి చేర్చాడు. తర్వాత రాడ్‌మన్, ఆయన సహచరుల డీఎన్‌ఏ పని దాన్ని నిలబెట్టింది. అయితే రసాయనం ఒక్కటే చూసి ముడిపెడితే పుత్రజీవి చెట్టు అడ్డం తిరుగుతుంది. దాని కుటుంబంలోనూ గ్లూకోసినొలేట్‌లున్నాయి. అది బ్రాసికేలీస్‌కు ఏమీ కాదు, ఆ రసాయనం అక్కడ విడిగా పుట్టింది. కాబట్టి చీటీ మీద కారణంగా రసాయనం రాయలేదు, డీఎన్‌ఏ ఆధారిత స్థానమనే రాశారు.

షీట్లు జరిపే ముందు పాలిథిన్ సంచుల్లో గాలి దూరకుండా కట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం ఉంచారు. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద తేమ పట్టి బూజు వస్తుంది. పాత చోట 'మోరింగేసీ: బ్రాసికేలీస్, కారికేసీ పక్కన చూడండి' అని అట్ట పెట్టారు (కారికేసీ అంటే బొప్పాయి కుటుంబం). అది కనీసం బీరువాల మార్పిడి అంతా పూర్తయ్యేదాకా ఉండాలి. అలవాటు కొద్దీ సాపిండేలీస్ దగ్గరికే వెళ్లే చేతులు చాలా ఉంటాయి.

మునగ సేకరణకు కొత్తగా రాసుకున్న పద్ధతి

తేలని మూడు షీట్లకూ లోపం ఒకటే: ఆకు మొదలు లేదు, పువ్వు లేదు. అందుకని సేకరణ పుస్తకంలో ఈ ప్రజాతికి విడిగా ఒక పేజీ పెట్టారు. ఆకు మొత్తం కోయాలి. పొడవు సరిపోకపోతే రెండు మూడు ముక్కలు చేసి, మొదలు నుంచి వరసగా అంకెలు వేసి, అవసరమైతే రెండు షీట్ల మీద అంటించాలి. కోసిన గంటలోపు ప్రెస్‌లో పెట్టి, మొదటి రోజు కాగితాలు రెండుసార్లు మార్చాలి. రాలిన పత్రకాలన్నీ పొట్లంలోకి. పూలు కొన్ని షీటు మీద, మూడు నాలుగు 70 శాతం ఆల్కహాల్ సీసాలో. తాజా రంగు, ఈనెల రంగు లేబుల్ మీద అక్కడికక్కడే రాయాలి. కాయను చీల్చకుండా మధ్యలో మూడు సెంటీమీటర్ల అడ్డుముక్క కోసి, ఎండబెట్టి, షీటు నంబరుతో డబ్బాలో విడిగా ఉంచాలి. బెరడు ఫొటో స్కేలుతో. నాటిందా, దానంతట అది మొలిచిందా, దగ్గర్లో పాత ఇళ్ల ఆనవాళ్లున్నాయా అన్నది లేబుల్ మీద తప్పనిసరి గడి.

మూడు షీట్లూ ప్రజాతి ఫోల్డర్లో, జాతి ఫోల్డర్ల వెనక, 'మోరింగా, జాతి తేలలేదు, మొదలున్న ఆకు లేదా పువ్వు కావాలి' అనే చీటీతో ఉన్నాయి. వాటిలో ఒకదాని చోటు లేబుల్ మీద స్పష్టంగా ఉంది. వచ్చే పూతకు అక్కడికే వెళ్లాలి.